మూడు పెడళ్లు, పదహారు దారులు

ఎలక్ట్రిక్ గిటార్‌కు, ఆంప్లిఫయర్‌కు మధ్య తీగలతో కలిపి, కాలితో నొక్కేందుకు వీలుగా నేలమీద ఉంచే చిన్న పెట్టెను ఎఫెక్ట్స్ పెడల్ అంటారు. తంత్రుల కంపనం నుంచి పుట్టిన బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని అది మార్చి ముందుకు పంపుతుంది. ‘డిలే’ పెడల్ ప్రతిధ్వనిని చేరుస్తుంది. ‘ఫజ్’ పెడల్ సంకేతాన్ని హద్దు మించి పెంచి, తరంగాల శిఖరాలను కత్తిరిస్తుంది. ఆ కత్తిరింపు వల్ల కొత్త ఉపస్వరాలు పుట్టి, నాదం గరగరలాడుతుంది. ఇలాంటి పెడళ్లను సేకరించడం నేడు చాలామందికి ఖరీదైన వ్యాపకం. ఫజ్ పెడల్ పుట్టుకకు మూలం మాత్రం ఒక చెడిపోయిన యంత్రం.

1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వరీ’ని నాష్‌విల్‌లో రికార్డు చేస్తున్నప్పుడు మిక్సింగ్ బల్లలో ఒక భాగం పాడయింది. గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటార్ సోలో గరగరలాడుతూ రికార్డయింది. దాన్ని తీసివేయకుండా అలాగే ఉంచారు. ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ ధ్వనిని ట్రాన్సిస్టర్లతో తిరిగి పుట్టించే మార్గం కనిపెట్టగా, గిబ్సన్ సంస్థ 1962లో ‘మాయెస్ట్రో ఫజ్-టోన్’ పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టింది. మొదట్లో కొనేవారు కరవయ్యారు. 1965లో కీత్ రిచర్డ్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ పాటకు, తర్వాత చేర్చాలనుకున్న బాకాల స్థానంలో తాత్కాలికంగా ఈ పెట్టెను వాడాడు. పాట ఆ రూపంలోనే విడుదలై, దుకాణాల్లోని పెడళ్లు అమ్ముడుపోయాయి.

1966లో లండన్‌లో వచ్చిన ‘ఫజ్ ఫేస్’లో ఉన్నవి రెండు ట్రాన్సిస్టర్లు, రెండు మీటలు మాత్రమే. అయినా గిటార్ మీద ధ్వని మీటను కాస్త తగ్గిస్తే గరగర తగ్గి, స్వరం దాదాపు స్వచ్ఛంగా వినిపిస్తుంది. జిమి హెండ్రిక్స్ వంటివారు ఆ కొద్దిపాటి యంత్రం నుంచే ఎన్నో ఛాయలు రాబట్టారు. తొలి ఫజ్ ఫేస్‌లలోని జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వేడికి గుణం మార్చుకుంటాయి. ఒకదానికీ మరొకదానికీ తేడా ఉంటుంది. కనుక పాత పెడళ్ల కోసం వెదకడం ఒట్టి భ్రమ అనలేం.

అయితే ధర ఎప్పుడూ ఆ తేడాకు తగినట్టు ఉండదు. బిల్ ఫినెగన్ 1994 నుంచి చేతితో తయారుచేసిన ‘క్లాన్ సెంటార్’ పెడళ్లు మొత్తం సుమారు 8,000. లోపలి సర్క్యూట్ కనబడకుండా ఆయన దానిమీద గట్టిపడే జిగురు పోశాడు. కొరత, రహస్యం తోడై, కొన్ని వందల డాలర్ల వస్తువు ఇప్పుడు వేల డాలర్లు పలుకుతోంది. సర్క్యూట్ గుట్టు బయటపడి చవక నకళ్లు వచ్చినా అసలుకు గిరాకీ తగ్గలేదు. అక్కడ కొంటున్నది ధ్వనితోపాటు కథను కూడా.

సేకరణ పెరిగేకొద్దీ మరో చిక్కు ఎదురవుతుంది. పెడళ్లను ఏ వరుసలో కలిపామన్నదాన్ని బట్టి నాదం మారుతుంది. ఫజ్ తర్వాత డిలే ఉంటే ప్రతి ప్రతిధ్వనీ విడిగా వినబడుతుంది. డిలే ముందుంటే ప్రతిధ్వనులన్నీ కలిసి ముద్దవుతాయి. పది పెడళ్లను అమర్చగల వరుసలు 36,28,800. అన్నీ విని చూడటం ఆచరణలో సాధ్యం కాదు. అదే మూడు పెడళ్లయితే, ఏవి పనిచేయాలి, ఏ వరుసలో అన్నవి రెండూ కలిపి లెక్కించినా అమరికలు పదహారే. వాటిని చెవికి పట్టించుకోవచ్చు. ఆపైన మీటలను కొద్దికొద్దిగా తిప్పుతూ, వేళ్ల ఒత్తిడిని మారుస్తూ వెదికేందుకు సమయం మిగులుతుంది.

మరి కొత్త పరికరం ఎప్పుడు అవసరం? 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఉదాహరణ ఇక్కడ పనికివస్తుంది. మామూలు మాండొలిన్‌కు జంట తంత్రులుంటాయి. నాదం త్వరగా ఆరిపోతుంది. కర్ణాటక సంగీతపు గమకాలకు ఇది అడ్డంకి. ఆయన విడివిడిగా ఐదు తంత్రులున్న ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నాడు. ఆ మార్పును కోరింది ఆయన వాయించదలచిన సంగీతం. పెడల్ కొనబోయేవారు కూడా, తమ సంగీతంలో ఏది ఇప్పుడున్న పరికరాలతో పలకడం లేదో ముందుగా చెప్పగలిగితే, ఎంపిక సులువవుతుంది. చెప్పలేకపోతే, ఉన్న పదహారు దారుల్లో ఇంకా నడవనివి మిగిలే ఉంటాయి.