దోషమే గుణమైన నాదం

లోకంలో కొన్ని దోషాలు కాలక్రమాన గుణాలై గౌరవం పొందుతాయి. తంబురాలో తీగలు ఆనుకొనే గుర్రం మీద చిన్న నూలుపోగును నిలిపి, తీగ ఒకింత ఝుమ్మని మ్రోగేటట్టు చేయడం మన గాయకులు ఎరిగినదే. ఆ పోగు లేని తంబురాలో శ్రుతి ఉండవచ్చును గాని జీవం ఉండదు. పాశ్చాత్య దేశాల విద్యుత్ గిటారుకు సైతం ఇటువంటి కథ ఒకటి ఉన్నది.

విద్యుత్ గిటారు తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్లు ఉంటాయి. తీగ కదలిక వల్ల అందులో పుట్టే విద్యుత్తు అతి స్వల్పం. దానిని పెంచి స్పీకరుకు అందించేది ఆంప్లిఫయర్. తొలినాళ్ళ ఆంప్లిఫయర్లలో, మన పెద్దల ఇండ్లలోని పాత రేడియోలలో వలెనే, గాజు వాల్వులు ఉండేవి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ సంస్థ ఇటువంటి వాటిని నిర్మించినది. నిర్మాతల ఆశయం స్వచ్ఛమైన ధ్వనియే. అయితే వాయిద్యకారులు ధ్వనిని మిక్కిలి హెచ్చించినప్పుడు వాల్వులు తమ శక్తికి మించిన పనిని మోయలేక, తరంగ శిఖరాలను చదును చేసేవి. ఇంజనీర్ల లెక్కలో అది లోపం. కాని ఆ చదునులో నుంచే మూలస్వరంలో లేని అనుస్వరాలు పుట్టినవి; నాదం చిక్కబడినది; స్వరానికి నిలకడ వచ్చినది. వాయిద్యకారులు ఆ లోపాన్నే ప్రేమించినారు. లండనులో డ్రమ్స్ నేర్పుతూ దుకాణం నడిపిన జిమ్ మార్షల్, 1962లో తన సహచరులతో కలిసి, ఫెండర్ బాస్‌మన్ నమూనాను అనుసరించి ఆంప్లిఫయర్ చేయించినాడు. రాక్ సంగీతానికి ఆ గంభీర ధ్వని ఆధారమైనది.

అయితే ఈ రసాన్ని పొందడానికి ఒక చిక్కు ఉన్నది. వాల్వులు అలసిపోయేదాకా ధ్వనిని పెంచవలె. 1963లో వచ్చిన ఫెండర్ డీలక్స్ రివర్బ్ శక్తి 22 వాట్లే అయినా, ఆ స్థితిలో అది ఇంటిలో వినదగినది కాదు. శక్తిని సగానికి తగ్గిస్తే చాలదా అంటే, సగమైన శక్తికి తగ్గేది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి ఆ భేదం స్వల్పంగానే తోస్తుంది. ఇరుగుపొరుగు వారి నిద్రకు గాని, వాయించేవాని చెవులకు గాని భంగం కలగకుండా ఆ చిక్కని నాదం దక్కించుకొనే ఉపాయమే ఓవర్‌డ్రైవ్ పెడల్. ఇది గిటారుకూ ఆంప్లిఫయరుకూ నడుమ, కాలి కింద ఉండే చిన్న లోహపు పెట్టె.

వీటిలో ప్రఖ్యాతమైనది జపానులో సుసుము తమురా రూపొందించగా 1979లో ఐబనేజ్ పేరుతో వెలువడిన ట్యూబ్ స్క్రీమర్. ఇందులో సిలికాన్ డయోడ్లు తరంగ శిఖరాలను మెత్తగా అణచివేస్తాయి. సెకనుకు 720 కంపనాల కంటె తక్కువైన మంద్ర స్వరాలకు ఇందులో వృద్ధి తక్కువ. తీవ్రత కూడా కొంత అణగుతుంది. ఫలితంగా మధ్యస్థాయి ముందుకు వస్తుంది.

ఎంపిక రహస్యం ఇక్కడనే ఉన్నది. 1960ల నాటి ఫెండర్ ఆంప్లిఫయర్లలో స్వరాలను సవరించే వలయం మధ్యస్థాయిని సహజంగానే తగ్గిస్తుంది. ఒకదానిలోని లోటును మరొకటి పూరించినందున ఈ రెంటికీ పొత్తు కుదిరినది. టెక్సాస్ వాయిద్యకారుడు స్టీవీ రే వాన్ 1980లలో ఈ జోడితోనే కీర్తి గడించినాడు. అదే పెడల్‌ను మధ్యస్థాయి నిండుగా ఉన్న బాస్‌మన్ వంటి దానికి తగిలించి, హద్దు మీరి పెంచితే, గాయకుడు ముక్కుతో పాడినట్టు ఉండవచ్చును. అక్కడ 1991లో మార్షల్ వారు తెచ్చిన బ్లూస్‌బ్రేకర్ వంటి, అన్ని స్థాయిలనూ సమంగా చూసే సౌమ్యమైన పెడల్ మేలు.

ఇంగ్లండులో పుట్టిన వాక్స్ ఏసీ 30 విషయం వేరు. రోరీ గాలహర్, బ్రయన్ మే దీనికి ట్రెబుల్ బూస్టరును జోడించినారు. ఆ పరికరం తారస్థాయిని హెచ్చించి, అప్పటికే అంచున ఉన్న వాల్వులను ముందుకు త్రోస్తుంది. అదే బూస్టరును తక్కువ ధ్వనిలో ఉన్న స్వచ్ఛమైన ఆంప్లిఫయరుకు పెడితే, మిగిలేది చెవిలో గుచ్చుకొనే పలుచని మ్రోత మాత్రమే.

కనుక కొనబోయేవాడు మొదట పెడల్ లేకుండా తన ఆంప్లిఫయరును, తాను నిజంగా వాయించే ధ్వనిలో వినవలె. తరువాత పెడల్‌పై డ్రైవ్ మీటను తగ్గించి, లెవెల్ మీటను పెంచి వాయించి చూడవలె. ఆంప్లిఫయర్ గరగరలాడితే ఆ రుచి వాల్వులది. పిదప డ్రైవ్‌ను పెంచి, లెవెల్‌ను పెడల్ లేనప్పటి ధ్వనికి సమంగా నిలపవలె. ఇప్పుడు వినబడేది ముఖ్యంగా పెడల్ స్వభావం. ధ్వనిని తక్కువలోనే ఉంచవలసిన వానికి ఈ రెండవ పరీక్షయే ప్రమాణం. దుకాణంలో మరొక ఆంప్లిఫయరుతో, పెద్ద ధ్వనిలో విని మురిసి, ఇంటికి తెచ్చి నిరాశపడేవారు ఈ భేదాన్ని గమనించనివారే.

చివరి పరీక్ష చేతికి సంబంధించినది. తీగను మెల్లగా మీటితే స్వరం తేటగా, గట్టిగా మీటితే కరుకుగా పలకవలె. ఎట్లా మీటినా ఒకే విధంగా పలికే పెడల్ వాయించేవాని హస్తాన్నే మరుగుపరుస్తుంది. అప్పుడు వినబడేది పెట్టె గాని మనిషి కాదు.

పేరును చూసి కొనడం మరొక ప్రమాదం. అమెరికాలో బిల్ ఫినెగన్ 1994లో విడుదల చేసిన క్లాన్ సెంటార్ పెడల్, దాదాపు 8,000 మాత్రమే తయారైనందున, నేడు వేల డాలర్లు పలుకుతున్నది. అది మంచి పరికరమే. కాని దాని వెలలో నాదం కంటె అరుదుతనం పాలు ఎక్కువ. తన ఆంప్లిఫయరుకు నప్పని పక్షంలో, అంత సొమ్ము పోసినా విద్యార్థికి మిగిలేది అలంకారమే.

మన అలంకారికులలో క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యాన్ని ప్రధానంగా చెప్పినాడు. ఏ అలంకారమైనా తగినచోట ఉన్నప్పుడే శోభిస్తుంది. ఈ చిన్న పెట్టె విషయంలోనూ అదే న్యాయం. మహావాయిద్యకారుని పెడల్‌ను కొనుక్కోవచ్చును గాని, అతని ఆంప్లిఫయరునూ, అతడు వాయించిన సభనూ, అతని వ్రేళ్ళనూ కొనలేము. తన గదిలో, తన పరికరంతో, తన చేతి బలాన్ని బట్టి ఎన్నుకొన్నవానికి మాత్రమే తన నాదం దొరుకుతుంది.