ఈ కార్డు ఎంత చేస్తుంది మేడమ్?



గత నెల మా ఆరో తరగతిలో ఒక పంచాయితీ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ముందురోజు ఒక బాబు తన పాత క్రికెట్ కార్డు ఒకటి ఇచ్చి, స్నేహితుడి దగ్గర ఆరు కొత్త కార్డులు తీసుకున్నాడు. వాటిలో ఒకటి బంగారు రంగులో మెరిసేది. ఇద్దరూ సంతోషంగానే ఇళ్లకు వెళ్లారు. మర్నాడు మొదటి బాబు ఏడుపు మొహంతో వచ్చాడు. ఆ పాత కార్డు వాళ్ల అన్నయ్యది. హాస్టల్‌కి వెళ్లేటప్పుడు తమ్ముడి చేతిలో పెట్టి వెళ్లాడట. రెండో బాబు మాత్రం "ఒకదానికి ఆరిచ్చాను మేడమ్, నష్టం నాకే కదా?" అన్నాడు. సాయంత్రం ఒక పేరెంట్ ఫోన్ చేసి అడిగారు: "ఇంత గొడవ పడుతున్నారు, అసలా కార్డు ఎంత చేస్తుందండీ?"

మార్కెట్ లెక్కలో అయితే ఏమీ చేయదు. మూలలు నలిగిపోయాయి. వెనక అన్నయ్య బాల్‌పెన్‌తో తన పేరు రాసుకున్నాడు. కార్డులు కొనేవాళ్లు మొదట చూసేది ఇవే. అమెరికాలో పీఎస్ఏ లాంటి సంస్థలు మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందా లేదా అన్నవి పరీక్షించి, ఒకటి నుంచి పది వరకు గ్రేడ్ ఇచ్చి, కార్డును ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. పెన్ను గీత పడిందంటే ధర పడిపోయినట్టే. కానీ మన బాబుకి ఆ కార్డులో కావలసింది ఆ పేరే. అది లేని కొత్త కార్డు తెచ్చిస్తే వాడు తీసుకోడు.

"ఎప్పటికైనా కోట్లు వస్తాయి" అని పిల్లలు యూట్యూబ్ చూసి చెబుతుంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు. 1952లో టాప్స్ అనే చూయింగ్‌గమ్ కంపెనీ వేసిన మిక్కీ మ్యాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. మన డబ్బులో సుమారు వంద కోట్లు! అయితే ఆ ధర ఎలా వచ్చిందో కూడా పిల్లలకు చెప్పాలి. ఆ రోజుల్లో అది డబ్బు చేస్తుందని ఎవరూ అనుకోలేదు. పిల్లలు కార్డులను సైకిల్ చక్రానికి క్లిప్పుతో తగిలించి, మోటారు బండిలా టపటపమని శబ్దం వస్తుంటే మురిసిపోయేవారు. పెద్దయ్యాక ఇల్లు సర్దుతూ అమ్మలు మిగిలినవి పారేసేవారు. అమ్ముడుపోని 1952 కార్డులను 1960లో పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పోయించానని టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ స్వయంగా చెప్పారు. అన్ని పోయాయి కాబట్టే మిగిలిన కొన్నింటికి, అందులోనూ చెక్కుచెదరని వాటికి, అంత గిరాకీ.

ఇక రెండో కథ పిల్లలకు యూట్యూబ్ చెప్పదు. ఇలాంటి ధరలు పేపర్లకెక్కడం చూసి 1980ల చివర్లో అమెరికన్లు పెట్టెలకు పెట్టెలు కార్డులు కొని, ముట్టుకోకుండా అటక మీద దాచారు. పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తాయని ఆశపడ్డవాళ్లూ ఉన్నారు. కంపెనీలూ ఆశకు పోయి లెక్కలేనన్ని ముద్రించాయి. అందరూ జాగ్రత్త చేశారు కాబట్టి అందరి దగ్గరా ఉన్నాయి. ఇప్పటికీ వాటిలో చాలావాటికి కొన్న ధర కూడా రాదు. కాబట్టి మీ అబ్బాయి "ఇది ఖర్చు కాదు డాడీ, ఇన్వెస్ట్‌మెంట్" అంటూ ఇంకో ప్యాకెట్ అడిగితే, ఆ మాట దగ్గర మాత్రం లొంగకండి. సరదా కోసం అంటే అది వేరు, మీ బడ్జెట్‌ని బట్టి కొనివ్వండి. ఆన్‌లైన్‌లో ఒక కార్డుకు పదివేలని కనిపించినా అది అమ్మేవాడు అడిగే ధర. ఎంతకు అమ్ముడుపోయిందో చూడటం నేర్పండి. లెక్కల పాఠం కూడా అయిపోతుంది.

మీలో చాలామంది బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలో, రెజ్లింగ్ ట్రంప్ కార్డులో దాచుకున్నవాళ్లే. అవి ఏమయ్యాయని అడిగితే సగం మంది "మా అమ్మ పారేసింది" అనే అంటారు, నవ్వుతూనే గానీ కాస్త కోపంగా. అందుకే పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ఆ డబ్బా పారేసేముందు పిల్లల్ని ఒక్కమాట అడగండి. ఇంకో పని కూడా చేయించవచ్చు. ఒక ఆదివారం కార్డులన్నీ నేలమీద పరిపించి, మార్చుకునేవి, ఎవరికీ ఇవ్వనివి అని రెండు డబ్బాల్లో వేయమనండి. ఏది ఎందులోకి వెళ్లాలో వాళ్లే తేల్చాలి. బంగారు రంగుది మొదటి డబ్బాలోకీ, నలిగిపోయింది రెండో దాంట్లోకీ వెళ్తే ఆశ్చర్యపోకండి. ఎందుకని మాత్రం అడగండి, మంచి కబుర్లు వస్తాయి.

మా క్లాసులో ఇప్పుడు ఒక నియమం పెట్టాను. ఇవాళ అడిగిన కార్డు రేపే ఇవ్వాలి. మధ్యలో ఒక రాత్రి ఆలోచించుకోవాలి. ఈ నియమం వచ్చాక బేరాలు బాగా తగ్గాయి, నిజం చెప్పాలంటే కొందరికి నామీద కోపంగా కూడా ఉంది.

అన్నయ్య కార్డు తిరిగి వచ్చేసింది. రెండో బాబు పెద్దమనసుతోనే ఇచ్చాడు గానీ, తన ఆరూ తనకు కావాలన్నాడు. అదీ న్యాయమే. ఐదు దొరికాయి. ఆ బంగారు రంగుది అప్పటికే ఏడో తరగతికి చేరిపోయింది. దానికి వాళ్లు నాలుగు అడుగుతున్నారట.