ఎన్‌ఎంఆర్ గ్రాఫు చూపించి నీళ్ల వ్యాపారం

ఆల్కలైన్ వాటర్ మిషన్లు అమ్మేవాళ్ల చేతిలో తరచూ ఒక గ్రాఫు ఉంటుంది. అందులో కుళాయి నీటి గీత బోర్లించిన గంపలా వెడల్పుగా, మిషన్ నీటి గీత సన్నగా, నిటారుగా కనిపిస్తాయి. ఆక్సిజన్-17 ఎన్‌ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్) పరీక్షలో తేలిందట: మామూలు నీటిలో అణువులు పెద్ద గుంపులుగా, మిషన్ నీటిలో చిన్న గుంపులుగా ఉంటాయట, అందుకే కణాల్లోకి ఇట్టే దూరిపోతాయట. ఈ మాట నమ్మి ఈఎంఐల మీద లక్షలు పోస్తున్నవాళ్లున్నారు. బీపీ, షుగరు మాత్రలు మానేస్తున్నవాళ్లూ ఉన్నారు.

గ్రాఫు దొంగది కాదు, అంతవరకు ఒప్పుకోక తప్పదు. క్షారగుణం పెరిగితే ఆ గీత నిజంగానే సన్నబడుతుంది.

కారణం మాత్రం గుంపులు కాదు. నీటి అణువుల మధ్య ప్రోటాన్లు నిరంతరం చేతులు మారుతుంటాయి. ఈ మార్పిడి వేగం పీహెచ్‌ను బట్టి ఉంటుందని 1961లోనే మైబూమ్ అనే శాస్త్రవేత్త టి2 కొలతలతో, అంటే సంకేతం ఎంతసేపట్లో చల్లారుతుందో కొలిచి, చూపించాడు. పీహెచ్ 7 దగ్గర మార్పిడి మందగిస్తుంది, ఆక్సిజన్ సంకేతం త్వరగా చల్లారుతుంది, గీత వెడల్పవుతుంది. పీహెచ్ అక్కణ్నుంచి పెరిగినా తగ్గినా గీత సన్నబడుతుంది. ఆ లెక్కన నిమ్మకాయ బాగా పిండుకున్న గ్లాసుడు నీళ్లు కూడా ‘మైక్రోక్లస్టర్ వాటరే’. దానికి ఈఎంఐ అక్కర్లేదు.

అసలు గుంపులు నిలిస్తేగా! నీటిలో ఒక హైడ్రోజన్ బంధం ఆయుష్షు సెకనులో లక్ష కోట్లవ వంతు స్థాయిలోనే ఉంటుంది. పైగా కణపొరలోని ఆక్వాపోరిన్ ద్వారాల్లోంచి నీటి అణువులు ఒక్కొక్కటిగా, వరుసలోనే వెళ్తాయి. వాటిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. ఇక తాగిన క్షారజలం ముందు పడేది కడుపులోని యాసిడ్‌లో.

పేరులో ‘న్యూక్లియర్’ ఉంది కాబట్టి రేడియేషన్ తగులుతుందన్నది ఉత్త భయం. ఉన్నవి అయస్కాంతం, రేడియో తరంగాలే. చమురు బావుల్లో రాతిని పరీక్షించేటప్పుడు దాని రంధ్రాలను ఎన్‌ఎంఆర్ ఫొటో తీసి చూపిస్తుందన్నదీ తప్పే. అది ఇచ్చేది సంకేతం ఆరిపోయే సమయం, రంధ్రాల సైజు దాన్నిబట్టి మనం కట్టుకునే లెక్క.

ఆ లెక్క చమురు బావుల దగ్గర బాగా పనికొస్తుంది. గ్లాసులో రెండు మూడు సెకన్లు నిలిచే నీటి సంకేతం, రాతి సందుల్లో గోడలకు పదేపదే తగలడంతో మిల్లీసెకన్లలో ఆరిపోతుంది. ఇసుకరాయిలో 33 మిల్లీసెకన్లలోపు ఆరితే అది రాయి పట్టేసుకున్న నీరని, అంతకు మించి నిలిస్తే కదిలే ద్రవమని ఇంజినీర్ల మోటు లెక్క. సున్నపురాయికి అదే 92. ఎండిన గింజలోనూ అంతే: తేమ సంకేతం ముందు పోతుంది, నూనెది నిలుస్తుంది, గింజ నలపకుండానే నూనె శాతం తెలిసిపోతుంది.

ఎవరైనా ఆ గ్రాఫు చూపిస్తే రెండు నీళ్ల పీహెచ్ ఎంతో అడగాలి. కుళాయి నీటిని అదే పీహెచ్‌కు తెచ్చి మళ్లీ తీసిన గ్రాఫు చూపించమనాలి. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడగకుండా ఆ నీళ్లు మొదలుపెట్టకూడదు, మాత్రలు ఎవరూ ఆపకూడదు. నల్గొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో బోరు నీళ్లు తాగేవాళ్లు మిషన్ కొనేకంటే ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించుకోవడం మేలు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి వేరే నీళ్లు చూసుకోవాలి.