మీ ఇంటి వైఫైకి తాళం వేశారా?

ఇంట్లో వ్రతమో, పిల్లల పుట్టినరోజో జరిగితే వచ్చినవారు వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. ఒకసారి చెబితే అది వారి ఫోన్లలో ఉండిపోతుంది. మన బ్యాంకు పనులు, ఇంటి కెమెరాలు నడిచేదీ అదే వైఫై మీద. అందుకే ఈ నాలుగు పనులు చేసుకోండి.

1. గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేయండి. ఇకపై అతిథులకు దాని పాస్‌వర్డే ఇవ్వండి. స్మార్ట్ బల్బుల వంటివీ దానికే కలపండి.

2. అసలు వైఫై పాస్‌వర్డ్ మార్చండి. పొంతన లేని మూడు పదాలు కలపమని బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం సలహా. గోంగూర, గొడుగు, పావురం వంటివన్నమాట. ఇంటిపేరు, పిల్లల పేర్లు, ఇష్టదైవం పేరు వద్దు.

3. రౌటర్ సెట్టింగులకు వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. చాలామంది దాన్ని మరచిపోతారు. తేలిగ్గా ఊహించగల పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలు అమ్మడాన్ని బ్రిటన్ చట్టం 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది. అంతకు ముందు కొన్న రౌటర్ అయితే మీరే మార్చుకోవాలి.

4. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 గానీ, అది లేకపోతే డబ్ల్యూపీఏ2 గానీ ఎంచుకోండి. రెండూ లేని పాత రౌటర్‌ను మార్చేయండి. అప్‌డేట్లు వాటంతటవే వచ్చేలా పెట్టండి.

చాలావరకు ఇవన్నీ ఇంటర్నెట్ కంపెనీ యాప్‌లోనే చేసుకోవచ్చు. మార్చిన రోజే పెద్దవారి ఫోన్లను కొత్త పాస్‌వర్డ్‌తో కలిపి పెట్టండి. ఎవరైనా ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగితే చెప్పవద్దని కూడా వారికి చెప్పండి.