పక్షవాతానికి ఆగుతాం, నడుం నొప్పికి పరుగెత్తుతాం

మెదడు, వెన్ను, నరాల జబ్బుల్లో కొన్నిటికి నిమిషాలు లెక్క, కొన్నిటికి వారాలు లెక్క. మన దగ్గర ఈ రెండూ తారుమారవుతుంటాయి. రాత్రి పదింటికి మూతి వంకరపోయి చేయి పడిపోయిన పెద్దాయనకు పసరు మందు పోసి, తెల్లారినాక చూద్దామంటారు. నడుం పట్టి నాలుగు రోజులైన కుర్రాడు మాత్రం ఎమ్మారై ఫిల్ము పట్టుకుని బెంగళూరు రైలెక్కుతాడు.

పెద్ద రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయి. గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ లెక్క మనం చూసిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి. నిద్రలో వస్తే పడుకున్న వేళ నుంచే. బెంగళూరు హిందూపురానికి 100 కిలోమీటర్ల పైచిలుకు, పెనుకొండకు 150కి దగ్గర, ధర్మవరానికి సుమారు 190. ధర్మవరం నుంచి దారిలోనే మూడున్నర గంటలు పోతే, సీటీ తీసి మెదడులో రక్తం కారలేదని తేల్చుకోవడానికి మిగిలేది ఒక్క గంట. అదే ధర్మవరం నుంచి అనంతపురం 50 కిలోమీటర్లలోపే. అందుకే పేరున్న ఆసుపత్రి కన్నా, సీటీతో పాటు ఆ ఇంజక్షన్ ఇచ్చే దగ్గరి ఆసుపత్రి ఏదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కోవాలి. సీటీ కాకముందు నోట్లో మాత్రలు వేయొద్దు, నీళ్లు పోయొద్దు.

పక్షవాతంతో మెదడు బాగా వాచిపోతే పుర్రెలో ఒక ముక్క తీసి చోటిచ్చే ఆపరేషన్ ఉంది. 60 ఏళ్లలోపు వాళ్లకు 48 గంటల్లో చేసినప్పటి ఫలితాలను 2007లో కలిపి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు ఆపరేషన్ లేకుండా 100కి 29 మంది, చేస్తే 78. అయితే ఇంకొకరి ఆసరా లేకుండా నడవగలిగినవాళ్లు 21 నుంచి 43కే పెరిగారు. ‘ప్రాణం దక్కుతుందా’ అని అందరూ అడుగుతారు. ‘దక్కితే ఎట్లా ఉంటాడు’ అన్నది కూడా సంతకం పెట్టకముందే అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు చెప్పడం సర్జన్ పని.

పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు హైవేపై బండి జారి పడిన మనిషి లేచి మాట్లాడినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. పుర్రెకు, మెదడు పొరకు మధ్య రక్తం మెల్లగా చేరితే కొన్ని గంటలకు మగత కమ్ముతుంది. డాక్టర్లు స్పృహను 3 నుంచి 15 దాకా కొలుస్తారు. 8కి దిగితే కోమా కిందే లెక్క. ఆ స్కోరు రెండు పాయింట్లు తగ్గినా మళ్లీ సీటీకి పరుగే. హెల్మెట్ తల గాయాలను 69 శాతం, చావులను 42 శాతం తగ్గిస్తుంది. రోడ్డు ప్రమాదాలకు ఏడు రోజులు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది.

ఇక ఓపిక పట్టాల్సినవి. 50 ఏళ్ల వయసులో ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసినా 100కి 60 మందిలో డిస్క్ ఉబ్బి కనిపిస్తుంది. అంటే రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన కత్తి పట్టాల్సిన పని లేదు. కాల్లోకి లాగే నొప్పి చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నెమ్మదిస్తుంది. అయితే మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుని నేసేవాళ్లలో ఎవరికైనా రాత్రిపూట బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి, చేయి విదిలిస్తే తగ్గి, చిటికెన వేలు మాత్రం బాగుంటే అది మెడ డిస్క్ కాకపోవచ్చు. మణికట్టులో నరం నలుగుతుండవచ్చు. అక్కడి వరకే మత్తిచ్చి చేసే చిన్న ఆపరేషన్‌తో తగ్గుతుంది. నేతగాడికి కావలసిన లెక్క వేరే: మళ్లీ ఎన్ని వారాలకు మగ్గం ఎక్కొచ్చు? పెళ్లిళ్ల సీజన్ చీరలు చేతిలో ఉంటే, రాత్రి మణికట్టుకు పట్టీ కట్టుకుని కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. బొటనవేలి కింది కండ కరుగుతుంటే మాత్రం సీజన్ కోసం చూడకూడదు.