సైకిళ్లు, సరంజామా పట్టే చిన్న బండి ఏది?

కొనే ముందు టేపు పట్టండి - బుడమేరులో మునిగిన కార్లతో జాగ్రత్త

మైలవరం: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో ఆ వరుసలో కారు కొనడాన్ని కూడా చేర్చుకోవాలి. బడులు తెరిచే జూన్ నెలలో మైలవరం సెంటర్లో ఓ గంట నిలబడితే ఈ మాటలో నిజమెంతో తెలుస్తుంది. చిన్న కారు వెనక తలుపు మూతపడక తాడుతో కట్టి వుంటుంది. అందులోంచి సైకిలు చక్రం బయటికి తొంగిచూస్తూ వుంటుంది. వెనక సీట్లో పరుపు చుట్ట, ట్రంకు పెట్టె, బియ్యం మూట. వాటి మధ్య ఇరుక్కుని హాస్టలుకు పోతున్న పిల్లవాడు. కారు కొన్న రోజున నలుగురం కూర్చుంటే చాలనుకున్నారు. అందులో ఏమేమి ఎక్కించవలసి వస్తుందో ఆలోచించలేదు.

మైలవరం, రెడ్డిగూడెం, జి.కొండూరు ప్రాంతాల్లో కారు కొనే కుటుంబానికి అవసరం ఒక్కటి కాదు. వేసవిలో మామిడికాయల ట్రేలు మోయాలి. పూత సమయంలో మందు కొట్టే స్ప్రేయరు తోటకు చేరాలి. బోరు మోటారు కాలిపోతే రిపేరుకు బెజవాడ తీసుకుపోవాలి. పిల్లల సైకిళ్లు హాస్టలుకు చేర్చాలి, సెలవులకు మళ్లీ ఇంటికి తేవాలి. ఇవికాక పెళ్లిళ్లు, పేరంటాలు, ఆస్పత్రులు. తోటకు ఒక బండి, ఇంటికి ఒక బండి కొనే స్తోమత అందరికీ వుండదు. ఒక్క బండే అన్ని చాకిరీలూ చేయాలి. అందుకే ఎంపికలో జాగ్రత్త అవసరం.

బస్సు టాపు నుంచి డిక్కీ దాకా

వెనకటి రోజుల్లో ఈ బెడద లేదు. సైకిలును ఆర్టీసీ బస్సు టాపు మీదికి ఎక్కించి, కండక్టరు దగ్గర లగేజీ టిక్కెట్టు తీసుకుంటే సరిపోయేది. కారున్న ఆసామి ఇంట్లో అంబాసిడరో, ఫియట్టో వుండేది. అంబాసిడరు డిక్కీలో రెండు బస్తాలు, పైన ఇనుప క్యారియరు మీద మిగతా సామానంతా పట్టేది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మధ్యతరగతి మనిషికి కారు అందింది గాని డిక్కీ చిన్నదైపోయింది. మరుసటి ఏడాదే వచ్చిన మారుతి వ్యాను ఆ లోటు తీర్చింది. తర్వాత ఓమ్నీ అన్న పేరుతో పల్లెపల్లెకూ తిరిగిన ఆ బండి తయారీ 2019లో నిలిచిపోయింది. 2005లో టాటా ఏస్ రావడంతో చిన్న సరుకుల రవాణా తీరే మారిపోయింది.

ముందు సైకిలును కొలవండి

షోరూముకు వెళ్లి కారును చూడడం తర్వాత. ముందు ఇంట్లో సైకిలును కొలవాలి. 28 అంగుళాల చక్రాలున్న పెద్ద సైకిలు పొడవు ఆరడుగుల పైమాటే. హ్యాండిలు వెడల్పు సుమారు రెండడుగులు. బరువు ఇరవై కిలోల దరిదాపు. ముందు చక్రం విప్పితే పొడవు ఒక అడుగు పైగా తగ్గుతుంది. సీటు దించి, హ్యాండిలు వదులు చేసి పక్కకు తిప్పితే మరికాస్త చోటు కలిసివస్తుంది. పెడల్ విప్పేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కుడి పెడల్ మామూలు మరే గాని, ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుంది. తెలియక బలం చూపితే మర చెడిపోతుంది.

ఈ కొలతలు కాగితం మీద రాసుకుని, టేపు జేబులో పెట్టుకుని షోరూముకు వెళ్లాలి. వెనక సీటు మడిపించి చూడాలి. మూడు కొలతలు ముఖ్యం. ముందు సీటు వీపు నుంచి వెనక తలుపు దాకా పొడవు, చక్రాల గూళ్ల మధ్య వెడల్పు, వెనక తలుపు తెరిచినప్పుడు నోటి ఎత్తు. లోపల ఎంత చోటున్నా నోరు చిన్నదైతే సైకిలు దూరదు. డిక్కీ ఇన్ని లీటర్లని అమ్మేవారు చెబుతారు. నీళ్లు పోయడానికైతే ఆ లెక్క పనికొస్తుంది. సైకిలుకు కావలసింది అడుగులు, అంగుళాలు.

నాలుగు రకాలు, నాలుగు లెక్కలు

మొదటిది మామూలు చిన్న కారు. ఆల్టో కె10 డిక్కీ 214 లీటర్లు. నిలువుగా, ఎత్తుగా వుండే వ్యాగన్ఆర్‌లో 341 లీటర్లు. ఎత్తున్న కారులో వెనక సీటు మడిస్తే పిల్లల సైకిలు ఒకటి, చక్రం విప్పి పడుకోబెట్టవచ్చు. రెండు పెద్ద సైకిళ్లంటే కష్టమే.

రెండవది వ్యాను తరహా బండి. ఓమ్నీ బాటలో 2010లో వచ్చిన ఈకో ఈ కోవలోది. పక్క తలుపులు జరిపి తెరిచేవి కాబట్టి ట్రేలు ఎక్కించడం, దించడం సులువు. ఇంజను ముందు సీట్ల కింద వుంటుంది. ఎండాకాలం డ్రైవరుకు ఆ వేడి తగులుతుంది. వెనక సీటు మడుస్తుందో లేదో, ఎలా మడుస్తుందో ప్రతి రకంలోనూ విడిగా చూసుకోవాలి.

మూడవది నాలుగు మీటర్ల లోపు పొడవుతోనే మూడు వరుసల సీట్లున్న కారు. 2019లో వచ్చిన ట్రైబర్ ఇటువంటిది. చివరి వరుస సీట్లు పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. అప్పుడు డిక్కీ 625 లీటర్లవుతుంది. పిల్లలతో పాటు వారి సామాను కూడా పోవాలనే ఇంటికి ఇది అనుకూలం. కాని సైకిళ్ల కోసం మధ్య వరుస కూడా మడిస్తే కూర్చునేవారు ఇద్దరే మిగులుతారన్నది మరువరాదు.

నాలుగవది టాటా ఏస్ వంటి చిన్న ట్రక్కు. సైకిళ్లు నిలువునా నిలబడతాయి. చక్రం విప్పే పనే లేదు. ట్రేల విషయంలో దీనికి సాటి లేదు. అయితే ముందు ఇద్దరికి మించి చోటు వుండదు. ఇంటిల్లిపాదికీ పనికిరాదు.

గ్యాసు బండి కొనేవారికి ఒక మాట. సీఎన్‌జీ కారులో ఖర్చు తగ్గుతుంది గాని చాలా రకాల్లో సిలిండరు డిక్కీలోనే పడుకుని వుంటుంది. పిల్లవాడి సైకిలు చోటు అదే తినేస్తుంది. 2023 నుంచి కొన్ని కార్లలో రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చుతున్నారు. అటువంటిది చూసుకోవడం మేలు.

బరువు సంగతి కూడా చూడాలి. చిన్న కార్లు చాలావరకు నాలుగైదు క్వింటాళ్లకు మించి మోయవు. అందులోనే మనుషుల బరువూ వుంది. అయిదుగురు పెద్దవాళ్లు ఎక్కితే మూడు క్వింటాళ్లు దాటినట్టే. ఇక ట్రేలకు మిగిలేది కొంచెమే. బరువు వేసినప్పుడు టైర్లలో గాలి ఎంత వుండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద వుంటుంది. అది చదివి గాలి కొట్టించాలి.

పైన కట్టాలా, వెనక తగిలించాలా?

లోపల పట్టకపోతే టాపు మీద క్యారియరు, లేదా వెనక తలుపుకు తగిలించే స్టాండు వాడవచ్చు. కారు పైన కనిపించే కడ్డీలన్నీ బరువు మోసేవి కావు. కొన్ని అందానికి పెట్టినవి. టాపు ఎంత బరువు మోస్తుందో కారుతో ఇచ్చే పుస్తకంలో చూడాలి. పైన సైకిళ్లు కట్టిన కారు మలుపులో ఒరుగుతుంది. గాలికి ఎదురొడ్డి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చెట్ల కొమ్మల కింద, రైలు గేట్ల ఎత్తు కమ్మీల కింద సైకిళ్ల సంగతి మరిచిపోయేవారూ వుంటారు.

వెనక తగిలిస్తే నంబరు ప్లేటు, ఎర్ర దీపాలు కనబడకుండా పోకూడదు. అది నేరం, అంతకు మించి ప్రమాదం. రాత్రివేళ తిరువూరు రోడ్డు మీద వెనక వచ్చే లారీకి కనిపించేది ఆ దీపమే. లోపల పెట్టినా తాళ్లతో బిగించి కట్టాలి. సడన్ బ్రేకు పడితే ఇరవై కిలోల సైకిలు ముందు సీట్లోని మనిషి మీదికి వస్తుంది. చెయిను నూనె సీట్లకు అంటకుండా పాత పట్టా పరిస్తే సరి.

పురుగుమందు డబ్బాలను, పెట్రోలు క్యానును మాత్రం పిల్లలున్న కారులో పెట్టరాదు. అద్దాలు మూసి ఏసీ వేసిన కారులో ఆ ఆవిరి ఎక్కడికీ పోదు.

తెల్ల బోర్డు, పసుపు బోర్డు

సొంత కారులో సొంత సామాను తీసుకుపోవడానికి అభ్యంతరం లేదు. తెల్ల బోర్డు కారులో కిరాయికి సరుకు వేస్తే చిక్కే. కిరాయి పని కూడా చేసుకోవాలంటే ట్రక్కును పసుపు బోర్డుతో రిజిస్టరు చేయించాలి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలకు మించని గూడ్సు బండికి చట్టం ప్రకారం పర్మిట్ అక్కర లేదు. ఫిట్‌నెస్, బీమా తప్పనిసరి. కారు లైసెన్సు వున్నవారు 7,500 కిలోల లోపు రవాణా బండిని నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పింది. కాబట్టి చిన్న ట్రక్కుకు వేరే లైసెన్సు అవసరం లేదు.

ట్రక్కు తొట్టెలో కూలీలను ఎక్కించడం మన ప్రాంతంలో మామూలైపోయింది. జరగరానిది జరిగితే ఆ కుటుంబాలకు బీమా సొమ్ము అందడం కష్టం. బండి యజమాని ఇల్లు, తోట కూడా ఆ కేసులో చిక్కుకుంటాయి.

నీళ్లు పల్లమెరుగు

మైలవరం చుట్టూ వున్న కొండల్లో పుట్టిన బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో గట్లు తెంచుకుని బెజవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తింది. వీధుల్లో నిలిపిన కార్లు రోజుల తరబడి నీటిలో నానాయి. అటువంటి కార్లలో బాగుచేసి, తళతళలాడేలా రంగు వేసి అమ్మకానికి పెట్టేవి వుంటాయి. మన కొండల నీరు తాగిన కారే మన వాకిట్లోకి రావచ్చు. నీళ్లు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు గాని, కారు విషయంలో నిజం తెలుసుకునే గుర్తులు కొన్ని వున్నాయి.

సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగి చూడాలి. మునిగిన కారైతే చివరి జానెడులో బురద చార కనిపించవచ్చు. కింద పరిచిన కార్పెట్టు ఎత్తి వాసన చూడాలి. స్టెప్నీ గుంటలో, సీట్ల కింది బోల్టులకు తుప్పు, ఫ్యూజుల పెట్టెలో ఒండ్రు, హెడ్‌లైటు లోపల చెమ్మ వుంటే వదిలేయాలి. ఇంజను ఆయిలు పాల రంగులో వుంటే బేరమే వద్దు. తాళం తిప్పగానే వెలిగే ఎయిర్‌బ్యాగు దీపం కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాలి. ఆ కారు మీద గతంలో బీమా క్లెయిము వున్నదేమో కంపెనీని అడగాలి. ఆటోనగర్‌లో మనకు తెలిసిన మెకానిక్కుకు చూపించాలి గాని, అమ్మేవాడు చెప్పిన మెకానిక్కుకు కాదు.

కాగితాల విషయంలో 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు తీసుకుని ఆర్‌సీ వెంటనే పేరు మార్పించుకోవాలి. పాత అప్పు తీరినట్టు ఫైనాన్సు సంస్థ ఇచ్చే పత్రం లేనిదే డబ్బు ఇవ్వరాదు.

వాయిదా నెలనెలా, కాపు ఏడాదికోసారి

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు 28 శాతం పన్ను, ఆపైన సెస్సు వుండేవి. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ మించని ఇంజను వున్న కార్లకు ఇది వర్తిస్తుంది. సరుకు బండ్లకు 28 నుంచి 18కి, సైకిళ్లకు 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

పన్ను తగ్గిందని తొందరపడి అప్పు చేయరాదు. ఉద్యోగికి జీతం నెలనెలా వస్తుంది, వాయిదా నెలనెలా కడతాడు. మామిడి రైతుకు డబ్బు చూసేది వేసవిలో ఒక్కసారి. అదీ ఒక ఏడు కాస్తే మరో ఏడు కాయదు. కాపు లేని ఏడాది పన్నెండు వాయిదాలు ఎక్కడి నుంచి వస్తాయో ముందే లెక్క వేసుకోవాలి. పంట సమయానికి కట్టేలా వాయిదాలు పెట్టే అవకాశం వుందేమో అప్పు ఇచ్చేవారిని అడగాలి. కట్టలేక బండి అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అన్న సామెత గుర్తుకు వస్తుంది.

చివరిగా ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక లెక్క రాసుకోవడం మంచిది. ఏడాదిలో సైకిళ్లు మోయవలసిన రోజులు ఎన్ని? ట్రేలు మోసే రోజులు ఎన్ని? మనుషులు మాత్రమే ఎక్కే రోజులు ఎన్ని? సైకిళ్లు జూన్‌లో ఒకసారి, సెలవులకు ఒకసారి కదిలేవైతే ఆ రెండు రోజులకు ట్రాలీ ఆటో కిరాయికి తీసుకుని, ఇంటికి సరిపడే చిన్న కారు కొనుక్కోవచ్చు. వారం వారం సరంజామా కదిలే ఇంటికి వ్యాను గాని, సీట్లు ఊడే కారు గాని కావాలి. కాయలే ముఖ్యమైతే ట్రక్కే సరైనది. పక్కింటివారు ఏ కారు కొన్నారన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు.