కార్డు ముక్కంత ఇంటర్నెట్‌లో తెలుగుకు చోటెంత?

నాలుగు పేరాల వార్త కోసం వెబ్‌పేజీ తెరిస్తే దానితో పాటు ప్రకటనలు, వీడియోలు, మన కదలికలను గమనించే ప్రోగ్రాములు కూడా దిగుతాయి. పాత కంప్యూటర్లు మొరాయించడానికి ఇదొక కారణం. చదువుకోవడానికి అక్షరాలు చాలు అనుకునేవారికి మరో దారి ఉంది.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు పాటించే నియమాలనే ప్రోటోకాల్ అంటారు. 1991లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టిన 'గోఫర్' అలాంటి చిన్న ప్రోటోకాల్. అదే బాటలో 2019లో 'జెమినీ' మొదలైంది. గూగుల్ కృత్రిమ మేధ జెమినీకి, దీనికి సంబంధం లేదు. ఈ పేరు నాసా పాత అంతరిక్ష కార్యక్రమానిది. ఆ కార్యక్రమంలో తొలిసారి మనుషులు ప్రయాణించిన 1965వ సంవత్సరమే దీని పోర్టు సంఖ్య అయింది.

ఒక ప్రశ్న, ఒక జవాబు

జెమినీ పనితీరు కార్డు ముక్క రాసినట్టే ఉంటుంది. మన కంప్యూటర్ ఒక్క వరుసలో పేజీ చిరునామా పంపుతుంది. సర్వర్ జవాబులో మొదటి వరుస రెండంకెల సంఖ్యతో మొదలవుతుంది. 20 అంటే 'ఇదిగో', 51 అంటే 'దొరకలేదు'. ఆ తర్వాత విషయం వస్తుంది. అంతటితో సంభాషణ ముగుస్తుంది. కుకీలు, జావాస్క్రిప్ట్ ఉండవు. సమాచారాన్ని గుప్తీకరించి పంపడం మాత్రం తప్పనిసరి.

స్త్రీ అనే ఒక్క అక్షరం

ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో వేరే భాషలో చదివే పిల్లలకు తెరమీద కనిపించే తెలుగు కూడా భాషతో ఒక బంధమే. అందుకే ఈ పట్టణం పక్కనున్న సాలువాలో ఒక పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, జెమినీలో తెలుగు ఎలా ఇముడుతుందో చూశాను.

గోఫర్‌ను రూపొందించినప్పుడు దృష్టిలో ఉన్నది రోమన్ లిపి. జెమినీ మొదటి నుంచీ యూనికోడ్‌నే ఎంచుకుంది కాబట్టి తెలుగుకు అడ్డు లేదు. అయితే లెక్క మారుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్ చాలు. తెలుగులో ప్రతి హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా 3 బైట్లు కావాలి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు అది ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు.

చిరునామా వరుసలో ఇది ఇంకా పెరుగుతుంది. అక్కడ ఒక్కో బైట్‌ను మూడు గుర్తులుగా రాయాలి కాబట్టి 'స్త్రీ'కి 54 బైట్లు పడతాయి. జెమినీలో చిరునామా 1024 బైట్లు దాటకూడదు. వెతికే మాట కూడా ఆ వరుసలోనే వెళ్తుంది. చిరునామాకు పోయేది పక్కనపెట్టినా, ఇంగ్లిష్‌లో వెయ్యి అక్షరాలు పట్టే చోట తెలుగులో నూటపదమూడు సంకేతాలే పడతాయి. నియమం అందరికీ ఒకటే, దాని ధర మాత్రం ఒకటి కాదు.

అసలు పని డెస్క్‌టాప్‌లో

రెండో చిక్కు చూపించడంలో వస్తుంది. చాలా టెర్మినల్ ప్రోగ్రాములు తెరను సమానమైన గళ్లుగా విభజించి ఒక్కో గడిలో ఒక్కో గుర్తు పెడతాయి. మన వత్తులు కిందికి, పక్కకి వెళ్తాయి. అందుకే అక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. సంకేతాలను కలిపి సరైన రూపం ఇవ్వడానికి లినక్స్‌లో హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము ఉంది. దాన్ని వాడే లగ్రాంజ్ వంటి జెమినీ బ్రౌజర్‌లో తెలుగు ఫాంట్ జోడిస్తే అక్షరాలు కుదురుకుంటాయి. టైపు చేయడానికి ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంచుకోవచ్చు.

ఈ సదుపాయాలు వాటంతట అవి రాలేదు. లోహిత్, నోటో వంటి ఉచిత ఫాంట్ల వెనుక, హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ తెచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వెనుక ఎందరిదో శ్రమ ఉంది. ప్రోటోకాల్ చిన్నదైతే పని తగ్గిపోదు. అందులో కొంత మన డెస్క్‌టాప్ మీదికి వచ్చి పడుతుంది.

జెమినీలో బ్యాంకు లావాదేవీలు నడవవు, వెబ్‌కు ఇది బదులు కాదు. కానీ చదువుకోవడానికి చాలు. 3 బైట్ల లెక్కన చూసినా ఈ వ్యాసం మొత్తం సుమారు ఎనిమిది కిలోబైట్లే. పక్కన పడేసిన కంప్యూటర్ కూడా అంత బరువును సులువుగా మోస్తుంది.